కారు కబుర్లు: పెన్‌డ్రైవ్ పెడితే 'ఫైల్ లేదు' అంటోంది!

ప్రశ్న: సార్ నమస్తే, మాది గుంటూరు బ్రాడీపేట. కారు కొని నాలుగేళ్లయింది, వారంటీ కూడా అయిపోయింది. స్క్రీన్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందని కంపెనీ వెబ్‌సైట్లో చూసి డౌన్‌లోడ్ చేసి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే 'అప్‌డేట్ ఫైల్ లేదు' అంటోంది. మూడుసార్లు చేశా, మూడుసార్లూ అదే పాట. మా తమ్ముడేమో టెలిగ్రామ్‌లో ఇంకో ఫైల్ దొరికింది, అది వేస్తే పనైపోద్ది అంటున్నాడు. వేయొచ్చా?

జవాబు: వేయొద్దండీ, ముందు తమ్ముడి చేతిలోంచి ఆ పెన్‌డ్రైవ్ లాక్కోండి. ఒకే మోడల్ కారులో కూడా వేరియంట్‌ని బట్టి లోపల బోర్డు మారిపోద్ది, చిన్న స్క్రీన్‌ది పెద్ద స్క్రీన్‌కి ఎక్కిస్తే ఒక్కోసారి మొత్తం నల్లగా అయిపోయి కూర్చుంటది, దానితోపాటే రివర్స్ కెమెరా కూడా. కంపెనీ సైట్లో మీ కారు వీఐఎన్, అంటే ఆర్సీలో ఛాసిస్ నంబర్ అని ఉంటది కదా ఆ 17 అక్షరాలు, అది కొట్టమని అడిగితే కొట్టి, అది ఇచ్చిన ఫైలే తీసుకోండి.

ఇక మీ గొడవకి నాకు అనుమానం కారు మీద కాదు, పెన్‌డ్రైవ్ మీదే. 64 జీబీవి చాలావరకు షాపులోంచే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి (ఫార్మాట్ అంటే పెన్‌డ్రైవ్ లోపల ఫైళ్లు సర్దే పద్ధతి), చాలా కార్లకి ఫ్యాట్32 తప్ప ఇంకోటి అర్థం కాదు. విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ కొడితే 32 జీబీ దాటినదానికి ఫ్యాట్32 అనే ఆప్షనే చూపించదు చాలా కంప్యూటర్లలో, అందుకని ఇంట్లో మూల పడున్న 16 జీబీదో 32 జీబీదో వెతకండి. దాన్ని ఖాళీ చేసి ఫ్యాట్32 కొట్టండి. ఒకవేళ ఫైల్ ఒక్కటే 4 జీబీ దాటి ఉంటే ఫ్యాట్32లో పట్టదు, అప్పుడు కంపెనీవాళ్లు ఏ ఫార్మాట్ అన్నారో సైట్లో చదవండి.

రెండో తప్పు అందరం చేసేదే, నేనూ చేశా. జిప్ ఫైల్, అంటే ఫైళ్లన్నీ మూట కట్టి ఇచ్చింది, అలాగే పెట్టేయడం, లేకపోతే విప్పితే ఫోల్డర్‌లో ఇంకో ఫోల్డర్ పడి అసలు సరుకు లోపలెక్కడో ఉండిపోవడం. కారు పైపైనే వెతుకుద్ది, లోపలికి దిగి చూడదు. సైట్లో జిప్ విప్పమని ఉంటే విప్పి, వచ్చినవాటిని పేర్లు మార్చకుండా ఏ ఫోల్డర్లోనూ కాకుండా నేరుగా పెన్‌డ్రైవ్‌లోనే పెట్టండి, పక్కన మీ పాటలు ఉంచకండి. ఇంకోటి, కొన్ని కార్లలో ఒక యూఎస్‌బీ ఒట్టి ఛార్జింగ్‌కే, వెనక సీటు వాళ్లకిచ్చేది చాలావరకు అదే. ముందు ఉన్నదాంట్లో పెట్టండి.

అప్‌డేట్ మొదలయ్యాక ఇంజిన్ ఆన్‌లో ఉంచమంటే ఉంచండి. ఒట్టి ఇగ్నిషన్ మీద అరగంట నడిపితే పాత బ్యాటరీ మధ్యలో చేతులెత్తేస్తది, సగంలో కరెంటు పోతే స్క్రీన్ మళ్లీ లేవకపోవచ్చు. మధ్యలో స్క్రీన్ ఆరిపోయి వెలుగుద్ది, గీత కదలకుండా ఆగినట్టు కనపడుద్ది, కంగారుపడి తాళం తీయకండి. ఐడిల్ స్టార్ట్-స్టాప్, అంటే కారు ఆగినప్పుడు ఇంజిన్‌ని దానంతటదే ఆపేసేది, ఉంటే ముందే ఆపేయండి. అన్నిటికన్నా ముఖ్యం, అపార్ట్‌మెంట్ సెల్లార్లో మాత్రం ఇది పెట్టుకోకండి, ఇంజిన్ పొగ అక్కడే నిలబడిపోద్ది, ప్రాణాలకే ముప్పు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు బయట ఖాళీ జాగాలో ఆపి చేసుకోండి, గుంటూరు మే నెలలో మధ్యాహ్నం చేద్దామనుకుంటే కారుకన్నా ముందు మీరు వేడెక్కుతారు.

ఇవన్నీ చేసినా 'ఫైల్ లేదు' అనే అంటే అప్పుడు షోరూముకి పోండి, ఎంత తీసుకుంటారో ముందే అడిగి.

ప్రశ్న: అన్నయ్య గారూ, మాది విజయవాడ పటమట. గత నెల అప్‌డేట్ చేయించాక వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లో మ్యాపూ పాటలూ వైరు లేకుండా కారు స్క్రీన్ మీద చూపించేది) బెంజ్ సర్కిల్ దాకా వచ్చేలోపే రెండుసార్లు తెగిపోతోంది.

జవాబు: కారులోంచి ఫోన్‌నీ, ఫోన్‌లోంచి కారునీ రెండు వైపులా డిలీట్ చేసి కొత్తగా జత చేయమ్మా. ఒక్కవైపే తీస్తే పాత లంకె మిగిలిపోద్ది. ఇది బ్లూటూత్‌తో పలకరించుకుని తర్వాత వైఫైకి మారుద్ది, కాబట్టి ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఉన్నా, వీపీఎన్ ఉన్నా తీసేసి చూడు. ఫోన్‌లో ఆండ్రాయిడ్ ఆటో కూడా అప్‌డేట్ కొట్టు. ఈలోపు కేబుల్ వాడుకో, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే చవక కేబుల్ కాకుండా.

ప్రశ్న: పాత కారు సార్, నావిగేషన్ సెట్‌లో తేదీ దాదాపు 20 ఏళ్లు వెనక్కి పోయింది. దెయ్యం పట్టిందా?

జవాబు: దెయ్యం కాదు, లెక్క. పాత జీపీఎస్ సిగ్నల్లో వారాల లెక్క 1023 దాకే పోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుద్ది, 1024 వారాలంటే 19 ఏళ్ల ఏడున్నర నెలలు. చివరిసారి 2019 ఏప్రిల్లో తిరిగింది. కొన్ని సెట్లు వాటి లోపలి లెక్కని బట్టి తర్వాతెప్పుడో తప్పుతాయి. కంపెనీ అప్‌డేట్ ఇస్తే వేయండి, లేకపోతే జీపీఎస్ టైం ఆఫ్ చేసి చేత్తో పెట్టుకోండి. దారి చూపించడానికి మాత్రం మీ ఫోనే మేలు.