అంత పెద్ద జ్వాల రేగినా బయటికి ఏమీ ఎందుకు రాలేదు?

కొన్ని సౌరజ్వాలల (సూర్యుడి మీద హఠాత్తుగా రేగే మెరుపుల) వెంట ద్రవ్యాన్ని బయటికి చిమ్మే విస్ఫోటం జరుగుతుంది, కొన్నింటి వెంట జరగదు, ఎందుకని అడిగారు. జ్వాల బలాన్ని చూసి ఈ సంగతి తేల్చలేం. దాని నెత్తిన ఏముందో చూడాలి. ఈ నమ్మకం నాకు 2014 అక్టోబరులో కుదిరింది.

ఆ నెలలో 12192 అనే మచ్చల గుంపు సూర్యబింబం మీదుగా సాగింది. 1990 తర్వాత అంత పెద్దది రాలేదు. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుంటే టెలిస్కోపు లేకుండానే కనిపించేది. సౌర ఫిల్టరు బిగించిన నా చిన్న టెలిస్కోపులో అయితే నల్లటి నడిబొడ్డు, చుట్టూ బూడిదరంగు అంచు, ఆ నలుపును చీలుస్తూ సన్నటి వెలుగు గీతలు! పగలు అది చూసి, రాత్రికి సూర్యుణ్ణి గమనించే సోహో నౌక పంపిన కరోనాగ్రాఫ్ చిత్రాలు (సూర్యబింబాన్ని మూసి, చుట్టూ ఎగసే ద్రవ్యాన్ని చూపేవి) వెతికేవాడిని. ఆ గుంపులో అన్నిటికన్నా బలమైన ఎక్స్ తరగతి జ్వాలలే ఆరు రేగాయి. 24వ తేదీది ఎక్స్3.1. ఒక్కదాని వెంట కూడా ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) మేఘం బయలుదేరలేదు. అదే రోజు, అదే గుంపు దక్షిణపు అంచున అంతకన్నా ఎంతో చిన్నదైన ఎం4 జ్వాల రేగితే మాత్రం ద్రవ్యం ఎగసిపోయింది.

మెలితిరిగిన అయస్కాంత క్షేత్రం తాడులా పైకి లేవబోతుంది. దానిపై కమానులా వంగిన క్షేత్రం కిందికి అదిమిపెడుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ పై క్షేత్రం చకచకా బలహీనపడితే తాడు తప్పించుకుంటుంది. నెమ్మదిగా తగ్గితే, వెలుగూ ఎక్స్ కిరణాలూ వెలువడతాయి తప్ప ద్రవ్యం ఆ కమానుల పంజరం దాటదు. ఈ తగ్గుదల ఎంత చురుగ్గా ఉందో చెప్పే సూచిక సుమారు 1.5కి చేరితేనే తాడు అదుపు తప్పుతుందని సిద్ధాంతం. భారీ మచ్చల నడుమ పంజరం గట్టిది, గుంపు అంచున పలచన. తాడులోని మెలిక కూడా లెక్కలోకి వస్తుంది కానీ, నేను పంజరానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఎక్స్ తరగతి అనగానే "భూమికి సౌర తుపాను ముప్పు" అని స్క్రోలింగ్ వేసే చానళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. జ్వాల వెలుగు ఎనిమిది నిమిషాల్లో చేరి, పగలున్న వైపు రేడియో ప్రసారాలను దెబ్బతీసే మాట నిజమే. భారీ అయస్కాంత తుపాను రావాలంటే మాత్రం ప్లాస్మా మేఘం బయలుదేరాలి, మన వైపే రావాలి. 2024 మేలో 13664 గుంపు అలాంటి మేఘాలను వరుసగా వదిలింది, అత్యంత తీవ్రమైన జి5 స్థాయి తుపాను వచ్చింది. మేఘానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అంత వ్యవధి ఉన్నా, కరోనాగ్రాఫ్ చిత్రాల కోసం కొన్ని గంటలు ఆగే ఓపిక వీళ్లకు ఉండదు.