ఛాతీ ఎక్స్‌రే: తెల్లగా కనిపించిందల్లా జబ్బేనా?

"ఏ ఫిల్మ్ చూసినా ఎక్కడో ఒకచోట తెల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది, అది జబ్బో కాదో ఎలా తేల్చుకోవాలి?" అని హౌస్ సర్జన్సీలో ఉన్న మీరు అడిగారు. రోజూ ఇవి చదివే పనిలో ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఇలాంటి అనుమానాల్లో చాలావరకు జబ్బు వల్ల రావు, ఫిల్మ్ తీసిన తీరు వల్ల వస్తాయి.

అందుకే పేరు, తేదీ, కుడి ఎడమల మార్కర్ చూశాక, ఊపిరి ఎంత పీల్చారో లెక్కపెట్టండి. డయాఫ్రమ్ (ఛాతీనీ పొట్టనూ వేరుచేసే కండర పొర) పైన వెనక పక్కటెముకలు 9 లేదా 10 కనిపించాలి. ఏడెనిమిదే కనిపిస్తే ఊపిరితిత్తుల అడుగుభాగాలు నొక్కుకుపోయి తెల్లబడతాయి, గుండె వెడల్పుగా కనిపిస్తుంది. దీన్నే న్యుమోనియా అనుకోవడం వార్డుల్లో తరచూ జరిగేదే. తర్వాత కాలర్‌బోన్‌ల లోపలి చివరలు మధ్యలోని స్పైనస్ ప్రాసెస్‌కు (వెన్నుపూస వెనక పొడుచుకొచ్చే ఎముక) సమదూరంలో ఉన్నాయా చూడండి. మనిషి పక్కకు తిరిగి ఉంటే ఒక ఊపిరితిత్తి రెండోదానికంటే నల్లగా పడుతుంది. మంచం మీద తీసిన ఏపీ (కిరణాలు ముందునుంచి వెనక్కి వెళ్లే) ఫిల్మ్‌లో గుండె నీడ పెద్దదవుతుంది. గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటకూడదన్న లెక్క పెద్దవాళ్ల పీఏ (కిరణాలు వెనకనుంచి ముందుకు వెళ్లే) ఫిల్మ్‌కే.

కుడి డయాఫ్రమ్ ఎడమదానికంటే కాస్త పైన, ఎడమ హైలమ్ (రక్తనాళాలు, శ్వాసనాళాలు ఊపిరితిత్తిలోకి వెళ్లే చోటు) కుడిదానికంటే కాస్త పైన ఉండటం మామూలే.

ఇక నిజంగానే తెల్లగా ఉందనుకుందాం. ఏ అంచు చెరిగిపోయిందో చూడండి, జాగా అదే చెప్తుంది. గుండె కుడి అంచు కనిపించకపోతే మిడిల్ లోబ్ (కుడి ఊపిరితిత్తి మధ్య భాగం), ఎడమ అంచు పోతే లింగ్యులా (ఎడమ ఊపిరితిత్తి పైభాగంలోని కింది ముక్క), డయాఫ్రమ్ గీత పోతే లోయర్ లోబ్ (కింది భాగం). తెలుపు గుండె మీద పడినా అంచు స్పష్టంగా ఉంటే, అది గుండెకు ఆనుకుని లేదు, వెనకాల ఉంది. ఒక పక్క మొత్తం తెల్లబడితే ట్రాకియాను (ప్రధాన శ్వాసనాళం) చూడండి: తెలుపు వైపు లాగబడితే కొలాప్స్ (ఊపిరితిత్తి ముడుచుకుపోవడం), అవతలికి నెట్టబడితే ఊపిరితిత్తి చుట్టూ నీరు ఎక్కువగా చేరినట్టు. నిలబెట్టి తీసిన పీఏలో కాస్టోఫ్రెనిక్ మూల (పక్కటెముకలూ డయాఫ్రమూ కలిసే కోణం) మొద్దుబారాలంటే సుమారు 200 మి.లీ. నీరు ఉండాలి. మూల పదునుగా ఉన్నంత మాత్రాన నీరు లేదనకండి, అనుమానముంటే అల్ట్రాసౌండ్ చేయించండి.

నలుపు కూడా మోసం చేస్తుంది. న్యుమోథొరాక్స్‌లో (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) సన్నని తెల్లగీత కనిపిస్తుంది, దాని బయట రక్తనాళాల గీతలు ఉండవు. చర్మపు మడత కూడా అలాగే ఉంటుంది గానీ, అది ఛాతీ గోడను దాటి బయటికి పోతుంది, దాని అవతల కూడా నాళాలు కనిపిస్తాయి. పేషెంటుకు ఆయాసం, బీపీ పడిపోవడం, ఒక పక్క గాలి శబ్దం లేకపోవడం కలిసి ఉంటే టెన్షన్ న్యుమోథొరాక్స్ (ఆ గాలి ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికి వచ్చే స్థితి) కింద చూడాలి. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగకూడదు.

బాగుందనుకున్న ఫిల్మ్‌ను కూడా నాలుగు చోట్ల మళ్లీ చూడండి: ఎపెక్స్‌లు (ఊపిరితిత్తుల పై కొనలు), హైలమ్‌లు, గుండె వెనక, డయాఫ్రమ్ కింద. ఎడమ లోయర్ లోబ్ కొలాప్స్ గుండె వెనకే దాక్కుంటుంది. కాలర్‌బోన్ వెనక చిన్న గడ్డ ఉన్నా తేలిగ్గా తప్పిపోతుంది. కింది భాగంలో గుండ్రని మచ్చ కనిపిస్తే చనుమొన నీడేమో అని మార్కర్ అతికించి మళ్లీ తీయించండి. పాత ఫిల్మ్ ఉంటే తప్పకుండా పక్కన పెట్టుకోండి. ఏళ్ల తరబడి మారని మచ్చకూ, కొత్తగా వచ్చిన మచ్చకూ చేయాల్సింది ఒకటి కాదు.