పదకొండు నెలలకే స్టీరింగ్ పొర ఊడితే: ఈఎంఐ ఆపొద్దు, జాబ్ కార్డు వదలొద్దు

ప్రశ్న: మాది గుంటూరు. రోజూ విజయవాడ వెళ్లి ఉద్యోగం చేస్తాను. పదకొండు నెలల కిందట విజయవాడ షోరూమ్‌లో ఆన్‌రోడ్ రూ.13.60 లక్షలకు కారు కొన్నాం. అందులో రూ.10 లక్షలు లోన్. వడ్డీ 9 శాతం, ఏడేళ్ల గడువు, ఈఎంఐ రూ.16,089. ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది. అప్పుడే స్టీరింగ్ మీద పొర ఊడుతోంది. డ్రైవర్ సీటు కుడి అంచున కుట్టు విడి లోపలి ఫోమ్ కనిపిస్తోంది. వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు. షోరూమ్‌లో అడిగితే ‘వాడకంలో వచ్చిన అరుగుదల, వారంటీలో రాదు’ అన్నారు. రెండూ మార్చడానికి రూ.31,200 అవుతుందట. వద్దంటే రూ.9,500కి సీట్ కవర్లు వేయించుకోమంటున్నారు, రూ.24,000 పెట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోమంటున్నారు. ఈఎంఐ ఆపేస్తే వాళ్లే దిగొస్తారని మావారి మాట. వచ్చే ఏడాది ఇల్లు కొనాలనుకుంటున్నాం. ఏం చేయాలి? కారు అమ్మేయడం మేలా?

జవాబు: ఈఎంఐ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మీకు పెద్ద నష్టం జరిగేది అక్కడే. మీకు కారు అమ్మింది షోరూమ్, తయారు చేసింది కంపెనీ, అప్పిచ్చింది బ్యాంకు. సీటు చిరిగిందని బ్యాంకుకు కట్టడం మానేస్తే షోరూమ్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కారు డబ్బు వాళ్లకు డెలివరీకి ముందే ముట్టింది. మీకు మాత్రం చెక్ బౌన్స్ చార్జీ, ఆలస్య రుసుము పడతాయి, పైగా మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ రికార్డులో ఆలస్యం నమోదవుతుంది. 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది.

ఇల్లు కొనాలనుకునేవాళ్లకు ఇది ఎంత ఖరీదైన పనో చూడండి. గృహ రుణం వడ్డీని చాలా బ్యాంకులు సిబిల్ స్కోరును బట్టే నిర్ణయిస్తున్నాయి. రూ.40 లక్షలు, ఇరవై ఏళ్లు, 8.5 శాతమైతే ఈఎంఐ రూ.34,713. అదే 9 శాతమైతే రూ.35,989. నెలకు తేడా రూ.1,276 అంటే చిన్నదిగానే కనిపిస్తుంది, 240 నెలలకు అది రూ.3,06,240. రూ.31 వేల సీటు, స్టీరింగ్ కోసం మూడు లక్షలు పణంగా పెట్టకండి. మీవారి కోపం న్యాయమైనదే. దాన్ని చూపించాల్సింది మాత్రం బ్యాంకు మీద కాదు.

అమ్మకం కూడా వద్దు. ఇప్పటిదాకా మీరు కట్టిన 11 ఈఎంఐలు రూ.1,76,979. అందులో అసలు కింద తగ్గింది సుమారు రూ.98 వేలే, మిగతాదంతా వడ్డీ. ఇంకా రూ.9.02 లక్షల దాకా బాకీ ఉంది. కారు విలువ ఎక్కువగా పడిపోయేది మొదటి ఏడాదే, కట్టిన లైఫ్ ట్యాక్స్ తిరిగి రాదు. ఫిక్స్‌డ్ వడ్డీ లోనైతే ముందుగా తీర్చినందుకు చార్జీ కూడా ఉండొచ్చు. పైగా ఊడిన స్టీరింగ్, చిరిగిన సీటు చూసి సెకండ్ హ్యాండ్ వ్యాపారి బేరం మొదలుపెట్టేది అక్కడి నుంచే. బాగు చేయించకుండా అమ్మితే ఆ రూ.31,200 కంటే ఎక్కువే కోత పడొచ్చు.

ఇక వారంటీ. అది షోరూమ్ వాళ్లు దయతలచి ఇచ్చేది కాదు, కారు ధరలో కలిపి మీరు ముందే కొనుక్కున్నది. కానీ అది పనిచేసేది తయారీ లోపానికే. సాధారణ అరుగుదల, రంగు వెలియడం, బయటి రసాయనాల వల్ల పాడవడం వంటివి వర్తించవని దాదాపు ప్రతి కంపెనీ వారంటీ పుస్తకంలోనూ ఉంటుంది. మీ పుస్తకం తెరిచి ‘వర్తించనివి’ అన్న పేజీ మొత్తం ఒకసారి చదవండి. మీ వాదన అంతా ఒక్క విషయం మీదే నిలబడాలి: ఇది అరుగుదలా, లోపమా? షోరూమ్‌కు వెళ్లేలోపు దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు, ఇంటి దగ్గర పగటి వెలుతురులో పావుగంట చాలు.

అరుగుదల చెయ్యి, ఒళ్లు తగిలే చోటే వస్తుంది. లోపం తగలని చోట కూడా కనిపిస్తుంది.

స్టీరింగ్‌తో మొదలుపెట్టండి. మీరు పట్టుకునే రెండు పక్కల మాత్రమే పొర ఊడిందా? లేక ఎవరూ పట్టుకోని కింది భాగంలో, రిమ్ (స్టీరింగ్ గుండ్రటి చట్రం) వెనక వైపు, మధ్య భాగానికి అతుక్కునే చోట కూడా బుడగలు లేచాయా, పొలుసులుగా వస్తోందా? ఈ ధరలోని చాలా కార్లలో స్టీరింగ్‌కు చుట్టేది అసలు తోలు కాదు, గుడ్డ మీద పాలీయురెథేన్ పూత పూసిన లెదరెట్. వేడి, తేమ కలిస్తే నాసిరకం పూత రసాయనికంగా విడిపోయి పెచ్చులుగా లేస్తుంది. మే నెల విజయవాడ ఎండలో, కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో పగలంతా ఆరుబయట నిలిపిన కారుకు ఈ రెండూ దొరుకుతాయి. మన దేశంలో అమ్మే కారు మన ఎండకు తట్టుకోవాలి కాబట్టి, పట్టుకోని చోట కూడా ఊడుతుంటే మీ వాదనకు బలం ఉంది.

పట్టుకునే చోట మాత్రమే ఊడితే మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగాలి: కారెక్కగానే శానిటైజర్ రాసుకునే అలవాటు ఉందా? సన్‌స్క్రీన్, దోమల క్రీమ్ రాసుకున్న చేతులతో నడుపుతారా? శానిటైజర్‌లోని ఆల్కహాల్, దోమల క్రీమ్‌లోని డీట్ అనే రసాయనం ఈ పూతను మెత్తబరిచి లేపేస్తాయి. కంపెనీ ఇంజినీరు మొదట అడిగేది ఇదే. అలవాటు ఉంటే ఒప్పుకుని స్టీరింగ్ విషయంలో పట్టు సడలించండి. సీటు విషయంలో మీ మాటకు విలువ పెరుగుతుంది.

సీటు దగ్గర మీ కేసు గట్టిగా ఉందనిపిస్తోంది. ‘కుట్టు విడి’ అని రాశారు. సీటు అంచు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి ఎక్కి దిగేటప్పుడు జీన్స్, బెల్టు రాసుకుని పైపొర నునుపెక్కి, తర్వాత పగుళ్లు వస్తాయి. అది అరుగుదల. కానీ పైపొర బాగానే ఉండి దారం తెగినా, సూది రంధ్రాలు సాగి గుడ్డ జారిపోయినా అది కుట్టులో లోపం. గుడ్డను మరీ బిగించి కుట్టినా, అంచులో మడత తక్కువ వదిలినా ఇలా జరుగుతుంది. విడిన చోట ఒక రూపాయి బిళ్ల పెట్టి దగ్గరగా ఫొటో తీయండి. దారం చివర్లు, రంధ్రాలు స్పష్టంగా కనపడాలి. పక్క సీటులో అదే కుట్టును కూడా తీయండి. అక్కడ కూడా సాగడం మొదలైతే మీకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఓడోమీటర్, ఛాసిస్ నంబర్ ఫొటోలు కూడా జతచేయండి. తనిఖీ అయ్యేదాకా సీటుకు పాలిష్ పూయొద్దు, ఫెవిక్విక్ అసలే వద్దు.

ఆ కుడి అంచు మీద ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న ట్యాగ్ ఉందేమో చూడండి. ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకునే బయటికి రావాలి. అందుకని దానికి వాడే దారం, కుట్టు వేరుగా ఉంటాయి. ఆటోనగర్‌లో సీటు పని ఎంత బాగా తెలిసిన మనిషైనా సరే, మామూలు దారంతో అక్కడ కుట్టించొద్దు. షోరూమ్ చెప్పిన రూ.9,500 సీట్ కవర్లు కూడా వద్దు. సైడ్ ఎయిర్‌బ్యాగ్‌కు దారి వదలని కవరైతే ప్రాణాలకే ముప్పు. ఆ సంగతి ఎలా ఉన్నా, కవర్ వేశారంటే మీ సాక్ష్యాన్ని మీరే కప్పేసినట్టు. రేపు ‘కవర్ వల్లే చిరిగింది’ అన్నా కాదనడానికి ఆధారం ఉండదు.

‘వారంటీలో రాదు’ అని వాళ్లు నోటితో చెప్పారు. నోటిమాటకు విలువ లేదు. ఇప్పటిదాకా జాబ్ కార్డు (సర్వీస్ సెంటర్‌లో మీ ఫిర్యాదు, చేయాల్సిన పని నమోదు చేసే కాగితం) తెరవలేదని మీ లేఖను బట్టి అనుకుంటున్నాను. ఆ లెక్కన మీ ఫిర్యాదు కంపెనీ దాకా చేరనే లేదు. రొటీన్ సర్వీసుతో కలపకుండా దీనికోసమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. జాబ్ కార్డులో కస్టమర్ ఫిర్యాదు రాసే చోట సర్వీస్ అడ్వైజర్ ‘సీట్ చెక్’ అని రెండు ముక్కలు గీకి వదిలేస్తారు. ఒప్పుకోకండి. ఇలా రాయించండి: ‘డ్రైవర్ సీటు కుడి అంచున కుట్టు విడి ఫోమ్ బయటపడింది, పైపొర అరగలేదు. స్టీరింగ్ రిమ్ కింది భాగంలో, చెయ్యి తగలని చోట కూడా పూత ఊడుతోంది. తయారీ లోపంగా పరిశీలించి వారంటీ కింద మార్చాలి.’ మీరు చూసినదానికి తగ్గట్టు మాటలు మార్చుకోండి, చూడనిది రాయించొద్దు. కాపీ చేతికొచ్చాకే బయటికి రండి.

డీలర్ ఎందుకు వెనకాడతాడో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. వారంటీలో మార్చిన పార్టుకు డబ్బు ఇచ్చేది కంపెనీ. డీలర్ ఫొటోలు పంపి అనుమతి తెచ్చుకోవాలి, తర్వాత కంపెనీ ఆడిట్‌లో కొట్టేస్తే ఆ ఖర్చు అతని నెత్తిన పడుతుంది. ఇంజిన్ పార్టుకు రిపోర్టు ఉంటుంది, సీటు గుడ్డకు ఏముంటుంది? అందుకే ‘రాదు’ అనేయడం అతనికి తేలిక. నిర్ణయం తీసుకునేది కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్. ఆయన షోరూమ్‌కు ఎప్పుడొస్తారో అడిగి, ఆ రోజు కారు చూపిస్తామని సర్వీస్ మేనేజర్‌కు ఈమెయిల్ పెట్టండి. కంపెనీ కస్టమర్ కేర్‌ను కూడా అందులో చేర్చండి. ఫొటోలు, జాబ్ కార్డు, ఇన్‌వాయిస్ జతచేసి, 15 రోజుల్లో జవాబు రాతపూర్వకంగా కావాలని, తిరస్కరిస్తే వారంటీలోని ఏ నిబంధన కిందో చెప్పాలని అడగండి. మర్యాదగా, చిన్నగా రాయండి. ఇలాంటి కేసు ఈ దశలోనే తేలిపోవచ్చు.

‘పార్టు మేమిస్తాం, లేబర్ మీరు పెట్టుకోండి’ అని బేరానికి వస్తే సీటు, స్టీరింగ్ రెండింటికీ అయితే ఒప్పుకోమంటాను. పార్టు ధరలో సగం మీరే పెట్టుకోమంటే సీటు విషయంలో ఒప్పుకోవద్దు. స్టీరింగ్ మీద మీ సాక్ష్యం పలచగా ఉంటే అక్కడ మాత్రం సగానికి ఒప్పుకోవచ్చు.

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. వాళ్లు ఆదేశాలివ్వలేరు కానీ ఫిర్యాదును కంపెనీ పైస్థాయికి పంపుతారు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు విజయవాడలో కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే గుంటూరులోనే వేయొచ్చు. రుసుమును మీరు చెల్లించిన ధరను బట్టి లెక్కిస్తారు, రూ.10 లక్షల నుంచి 20 లక్షల దాకా రూ.400. లాయర్ తప్పనిసరి కాదు. డీలర్‌ను, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, లేదంటే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. గడువు రెండేళ్లు. అది లోపం కనపడిన రోజు నుంచే నడుస్తోందనుకోండి. చట్టం మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. కొత్త కారు ఇప్పించమని మాత్రం అడగకండి. పార్టు మారిస్తే సరిపోయేదానికి బండి మొత్తం మార్చక్కర్లేదని 2006లోనే ఒక కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సీటు, స్టీరింగ్ మార్పిడి, ఖర్చులు, కొంత పరిహారం అడిగితే మీ కోరిక నిలబడుతుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ రూ.24,000 ఇప్పుడు కట్టొద్దు. అది ఎక్కువగా ఇంజిన్, గేర్‌బాక్స్, ఏసీ, ఎలక్ట్రికల్ భాగాలకే. సీటు గుడ్డలు, లోపలి ట్రిమ్ (తొడుగులు, అలంకరణ భాగాలు) మామూలుగా అందులో ఉండవు. మీ సమస్యకు అది మందు కాదు. మీ వాడకం ఏడాదికి 21 వేల కిలోమీటర్ల లోపే కాబట్టి లక్ష కంటే ముందు మూడేళ్ల గడువే ముగుస్తుంది. చాలా కంపెనీలు అసలు వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా కొననిస్తాయి, ఆలస్యమయ్యే కొద్దీ ధర కొంత పెరుగుతుంది. ఎప్పుడు కొంటే ఎంత ధరో మీ కంపెనీని అడిగి తెలుసుకుని మూడో ఏడాది నిర్ణయించుకోండి. రోజూ ఇంత దూరం తిరిగే మీకు అప్పుడది పనికొచ్చేదే.

‘ఇన్సూరెన్స్‌లో పెట్టేద్దాం’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. జీరో డెప్ (పార్టుల తరుగుదల కోయకుండా చెల్లించే) పాలసీ అయినా అరుగుదలకు రాదు. ప్రమాదమని రాయిస్తే అది తప్పుడు క్లెయిమ్ అవుతుంది. పైగా మొదటి ఏడాది క్లెయిమ్ లేనందుకు ఓన్ డ్యామేజ్ (మీ సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది.

అన్నీ అయ్యాక స్టీరింగ్‌కు మాత్రం వారంటీ రాలేదనుకోండి. ఆ రిమ్‌నే ఉంచుకుని, చేత్తో కుట్టే పల్చటి కవర్ వేయించుకుంటే కొత్త స్టీరింగ్ ధరలో చిన్న వంతుతో పోతుంది. రిమ్ ఊడదీయకుండా కారులోనే కుట్టాలి. ఊడదీయాలంటే మధ్యలోని ఎయిర్‌బ్యాగ్ తీయాల్సి వస్తుంది, అది బయట చేయించే పని కాదు.

వారంటీలో మారిస్తే కారు తెచ్చుకునేటప్పుడు నాలుగు చూసుకోండి. ఇగ్నిషన్ ఆన్ చేశాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. హారన్, స్టీరింగ్ మీది బటన్లు పనిచేయాలి. సీటు కుట్టు రెండు వైపులా ఒకేలా ఉండాలి. బిల్లు సున్నా వచ్చినా సరే, పార్టు నంబరుతో ‘వారంటీ’ అని రాసిన ఇన్‌వాయిస్ తీసుకోండి. కొత్త పార్టుకు వేరే మూడేళ్లు మొదలవవు, కారు వారంటీలో మిగిలిన రెండేళ్ల చిల్లరే దానికీ వర్తిస్తుంది. అందుకే అదే చోట మళ్లీ విడితే చూపించడానికి ఈ కాగితం మీ దగ్గరుండాలి.