పట్టు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియోలు రెండూ చూశాను. ఒకటి ఎదుటి నుంచి, ఒకటి వెనక నుంచి తీయించి మంచి పని చేశావు. చాలామంది ఏదో మూల నుంచి తీసి పంపి సలహా అడుగుతారు. గోల్ఫ్‌లో డ్రైవర్‌తో (దూరం కొట్టే పొడవాటి క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) కొట్టిన బంతి కుడికి వంకర తిరిగి చెట్లలో పడుతోందనీ, కోచ్ దగ్గర చేరితే నాలుగు పాఠాల్లో కుదురుతుందా అనీ అడిగావు. కుదరదు. నాలుగు పాఠాలు అయ్యేసరికి ఇప్పటికంటే అధ్వానంగా కొడతావు. కోచ్ మంచివాడైతే మరీ ఖాయం. ఈ సంగతి డబ్బు కట్టకముందే తెలిసి ఉంటే మధ్యలో మానేయవు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నీ పాత గ్లవ్ తీసి వెలుతురులో చూడు. చిటికెన వేలి దిగువన, మణికట్టుకు దగ్గరగా అరచేయి మెత్తగా ఉంటుందే, అక్కడ అరిగి చిల్లు పడి ఉండాలి. వీడియోలో నీ పట్టు చూసే ఈ మాట అంటున్నాను. క్లబ్ పిడిని నువ్వు వేళ్లతో కాక అరచేత్తో పట్టుకుంటున్నావు. అలా పట్టుకుంటే స్వింగ్ (క్లబ్ ఊపే ఊపు) మధ్యలో పిడి జారుతుంది. జారుతోందని బిగిస్తావు. బిగిస్తే మణికట్టు ఆడదు. మణికట్టు ఆడకపోతే బంతిని తాకే క్షణానికి క్లబ్ ముఖం (బంతికి తగిలే పలక) తెరుచుకునే, అంటే కుడికి తిరిగే ఉంటుంది. బంతి కుడికి పోవడం అక్కడ మొదలైంది. నువ్వేమో నడుము తిప్పడం మీద వీడియోలు చూస్తూ కూర్చున్నావు.

పిడి ఎడమ చూపుడు వేలి మధ్య కణుపు నుంచి చిటికెన వేలి మొదలు వరకు ఏటవాలుగా పడాలి. అరచేతి మెత్తని భాగం పిడి పైన కూర్చోవాలి, పక్కన కాదు. తల వంచి చూసుకుంటే ఎడమ పిడికిలి కణుపులు రెండో మూడో కనబడాలి. నీకు ఒక్కటే కనబడుతూ ఉంటుంది. కుడి అరచేయి ఎడమ బొటనవేలిని పూర్తిగా కప్పెయ్యాలి. ఇక కుడి చిటికెన వేలిని ఎడమ చేతి వేళ్ల మీద ఆనించాలా, మధ్యలోకి పెనవేయాలా అన్న చర్చకు దిగకు. పాతకాలపు ఆటగాడు హ్యారీ వార్డన్ పేరుతో చలామణీ అయ్యే పట్టులో మీద ఆనిస్తారు. గోల్ఫ్ దిగ్గజాలు జాక్ నిక్లస్, టైగర్ వుడ్స్ ఇద్దరూ పెనవేసినవాళ్లే. నీ చేతికి ఏది ఒదిగితే అది.

కొత్త పట్టుతో మొదటి రోజు క్లబ్ చేతిలోంచి ఎగిరిపోతుందేమో అనిపిస్తుంది. అనిపించనీ. పాత పట్టు సుఖంగా ఉందంటే అది సరైనదని కాదు, పాతదని మాత్రమే. రోజూ సాయంత్రం టీవీ చూస్తూ ఒక క్లబ్ చేతిలోకి తీసుకుని పట్టు పట్టడం, వదలడం, మళ్లీ పట్టడం చెయ్యి. బంతి అక్కర్లేదు, స్వింగ్ అక్కర్లేదు. మొదటి నెలలో ఇంతకంటే లాభసాటి సాధన లేదు, పైగా ఖర్చు లేనిది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నీది పుట్టుకతో వచ్చింది కాదు, క్రికెట్‌తో వచ్చింది. వెనక నుంచి తీసిన వీడియోను బంతి తగిలిన తరవాత ఆపి చూడు. నీ ఎడమ మోచేయి పైకి లేచి, ఆకాశం వైపు చూస్తోంది. స్ట్రెయిట్ డ్రైవ్‌లో అది అందం. బ్యాట్ ముఖం చివరిదాకా బంతి దారిలోనే ఉండాలి కాబట్టి అక్కడ మోచేయి ఎత్తుతారు. గోల్ఫ్‌లో బంతి తగిలాక ముంజేతులు తిరగాలి, ఎడమ మోచేయి నేల వైపు మడవాలి. నువ్వు మోచేయి ఎత్తినంత కాలం క్లబ్ ముఖం మూసుకోదు. క్రికెట్ ఆడినవాళ్లకు గోల్ఫ్ రాదని మాత్రం ఎవరైనా అంటే నమ్మకు. కపిల్ దేవ్ క్రికెట్ వదిలాక గోల్ఫ్‌లో ఎంత శ్రద్ధగా దిగారో అందరికీ తెలుసు. చూపు, చేతి వేగం నీకు ఉన్నాయి. అవి లేనివాళ్లకే కష్టం.

ఇప్పుడు నిలబడే దిక్కు. బంతి కుడికి పోతోంది కదా అని నువ్వు తెలిసో తెలియకో ఎడమకు తిరిగి నిలబడుతున్నావు. స్లైస్ (ఇలా కుడికి వంకర తిరిగే దెబ్బ) కొట్టే ప్రతివాడూ చేసే పనే ఇది, దీంతోనే రోగం ముదురుతుంది. ఎడమకు నిలబడితే క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తుంది. బంతి ఏ దిక్కున బయలుదేరుతుందనేది ఎక్కువగా క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. తరవాత అది ఎంత వంకర తిరుగుతుందనేది ముఖానికీ క్లబ్ కదిలిన దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. (మా తరానికి దీన్ని తిరగేసి నేర్పారు. రాడార్ యంత్రాలు వచ్చి కొలిచి చూపించాక గానీ సర్దుకోలేదు.) నువ్వు ఎంత ఎడమకు నిలబడితే ఆ తేడా అంత పెరుగుతుంది, వంకర కూడా అంతే పెరుగుతుంది. రేంజ్‌కు (సాధన మైదానానికి) వెళ్లినప్పుడల్లా రెండు కర్రలు పట్టుకెళ్లు. ఒకటి బంతికి అవతల, గురివైపు చూస్తూ. రెండోది నీ కాలివేళ్ల ముందు, దానికి సమాంతరంగా. సరిగ్గా నిలబడితే గురికి కుడివైపు చూస్తున్నట్టు అనిపిస్తుంది. నీ కళ్లను కాదు, కర్రలను నమ్ము.

నడుము వంచడం గురించి ఎక్కువ చెప్పను. వీపు గుండ్రం చెయ్యకుండా తుంటి దగ్గర నుంచి వంగాలి. రోజంతా కంప్యూటర్ ముందు వాలిపోయే వీపుకు ఇది అలవాటు తప్పింది. అద్దం ముందు నిలబడి సరిచూసుకో.

కోచ్ సంగతి. నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా శిక్షకులకు ధ్రువపత్రాలు ఇస్తుంది, అది ఉందో లేదో అడగడానికి మొహమాటపడకు. కానీ పత్రం ఒక్కటే చూసి చేరకు. మొదటి రోజు నిన్ను ఓ పాతిక బంతులు కొట్టమని, తాను నోరు మెదపకుండా చూసేవాడు కావాలి. నీకు ఎక్కడ నొప్పులున్నాయో, వారంలో ఎన్ని గంటలు రాగలవో అడిగేవాడు కావాలి. మొదటి పాఠంలోనే ఐదు తప్పులు దిద్దేవాడి దగ్గరకు రెండోసారి వెళ్లకు. ఒక పాఠానికి ఒకటే మార్పు. పాఠానికీ పాఠానికీ మధ్య కనీసం పది రోజులు ఉండాలి, ఆ పది రోజులూ సాధన ఉండాలి. ఒకసారి కోచ్‌ను ఎంచుకున్నాక వీడియోలు కట్టిపెట్టు. అవి ఎవరి జబ్బుకో రాసిన మందులు. క్యాడీతోనూ (క్లబ్బుల సంచి మోసేవాడు), నీతో ఆడే మిత్రులతోనూ ముందే చెప్పు: ఈ సీజన్ నాకు సలహాలు వద్దు అని. లేకపోతే ప్రతి చెడ్డ దెబ్బకూ "తల ఎత్తావు" అంటారు. తల ఎత్తడం చాలాసార్లు తప్పు కాదు, అంతకుముందు జరిగిన తప్పుకు ఫలితం.

సాధన గురించి ఒక హెచ్చరిక. రేంజ్‌లో పచ్చ మ్యాట్ మీద కొట్టే బంతి నీకు అబద్ధం చెబుతుంది. క్లబ్ బంతికి రెండు అంగుళాల వెనక నేలను తాకినా మ్యాట్ మీద జారి, బంతిని బాగానే లేపుతుంది. అదే దెబ్బ గోల్కొండ నయా ఖిలా దగ్గరి గోల్ఫ్ కోర్సులో గడ్డి మీద కొడితే మట్టి పెళ్ల బంతికంటే దూరం పోతుంది. ఐరన్‌తో (డ్రైవర్ కంటే పొట్టి క్లబ్) బంతి ముందు తగలాలి, తరవాత నేల. గడ్డి మీద చోటు దొరికితే ఒక గీత గీసి, గీత మీద బంతి పెట్టి కొట్టు. గడ్డి లేచిన చోటు గీతకు ముందు, అంటే గురివైపు, మొదలవ్వాలి. మ్యాట్ తప్పనప్పుడు బంతికి జానెడు వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టుకో. క్లబ్ దాన్ని తాకిందంటే తెలిసిపోతుంది. బంతి ముఖం మీద ఎక్కడ తగులుతోందో చూడాలంటే బంతికి వైట్‌బోర్డు మార్కర్‌తో చుక్క పెట్టు, క్లబ్ మీద అచ్చు పడుతుంది. అన్నీ సగం స్వింగ్‌తో, సగం వేగంతో. పూర్తి వేగం వచ్చేసరికి చెయ్యి పాత దారే వెతుక్కుంటుంది.

ఇక నీ అసలు భయం, హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చూపే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) పెరుగుతుందని. లెక్క చెబుతాను. 2020 నుంచి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఆఖరి 20 రౌండ్లలో మంచివి 8 తీసి సగటు కడతారు. ఏడాదిలో నీ అతి తక్కువ ఇండెక్స్ (ఇలా వచ్చిన హ్యాండిక్యాప్ అంకె) కంటే 3 పైకి వెళ్లాక పెరుగుదల సగానికి పడిపోతుంది, 5 దాటి పెరగనే పెరగదు. అంటే ఎంత అధ్వానంగా ఆడినా ఈ ఏడాది కొంప మునిగేదేమీ లేదు. స్నేహితులతో పందెం కట్టి ఆడే ఆటలు మాత్రం మానుకో. పందెం ఉన్న రోజు ఎవరూ కొత్త స్వింగ్ వెయ్యరు.

మారిస్తే మొదటికే మోసం వస్తుందేమోనని కూడా రాశావు. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1983లో ఐరోపాలో అందరికంటే ఎక్కువ సంపాదించిన ఆటగాడు. అయినా 1985లో కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ దగ్గరకు వెళ్లి స్వింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టించుకున్నాడు. దాదాపు రెండేళ్లు నానా మాటలూ పడ్డాడు. 1987లో మ్యూర్‌ఫీల్డ్‌లో చివరి రోజు పద్దెనిమిది హోల్స్‌లోనూ పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల లెక్క) కొట్టి బ్రిటిష్ ఓపెన్ టోర్నీ గెలిచాడు. టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచి కూడా స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో అమెరికా పీజీఏ టూర్‌లో గెలిచిన టోర్నీ ఒక్కటే, 1999లో ఎనిమిది. వీళ్లకంటే నాకు నిక్లస్ పద్ధతి ఇష్టం. ఆయన ఏటా సీజన్ మొదట్లో చిన్ననాటి గురువు జాక్ గ్రౌట్ దగ్గరకు వెళ్లి, ఏమీ రానివాడిలా పట్టు, నిలబడే తీరు దగ్గర నుంచి మళ్లీ చెప్పించుకునేవాడు. కచేరీలు చేసే విద్వాంసుడు సరళీ స్వరాలకు కూర్చున్నట్టు. పద్దెనిమిది మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీలు) గెలిచిన మనిషికి అడ్డురాని నామోషీ మనకెందుకు?

చేరేటప్పుడు ఆరు పాఠాలకు మించి ఒకేసారి డబ్బు కట్టకు. ఎండాకాలం వస్తోంది కాబట్టి పొద్దున ఆరింటి వేళ అడుగు. మొదటి పాఠంలో ఏం మార్చాడో రాసి పంపు. కొత్త గ్లవ్ కొనుక్కో, పాతది పారెయ్యకుండా కోచ్‌కు చూపించు. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు. 7 ఐరన్ ఒక్కటి ఉంటే మొదటి రెండు నెలలకూ సరిపోతుంది. డ్రైవర్ బ్యాగులో ఉంటే నీ చెయ్యి ఊరుకోదు, వచ్చే ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు దాన్ని మా ఇంట్లో పెట్టి వెళ్లు.

ఇట్లు,
మామయ్య