చలి కూడా బ్రేకింగ్ న్యూసేనా?

ప్రశ్న: జనవరిలో చలి మామూలే కదా! 17 డిగ్రీలకే టీవీలో ‘గజగజ వణుకుతున్న గుంటూరు’ అంటున్నారు. ఊళ్లో ఉన్న మా అమ్మ అది చూసి టెన్షన్‌తో రోజూ ఫోన్ చేస్తోంది. ఇదీ ఒక వార్తేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ కోపం న్యాయమైనదేనమ్మా. మైదాన ప్రాంతాల్లో సాధారణంగా కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు తగ్గితేనే వాతావరణ శాఖ చలిగాలులని ప్రకటిస్తుంది. తీరప్రాంతాలకైతే ఆ హద్దు 15 డిగ్రీలు. మబ్బు లేని రాత్రి నేల వేడి తొందరగా పైకి పోతుంది, తెల్లవారుజామున చలి వేస్తుంది. అంతే. సత్యనారాయణపురంలో మా నాన్నగారు ధనుర్మాసమంతా మంకీ క్యాప్ పెట్టుకునే పాలకు వెళ్లేవారు.

కానీ మొన్న పొద్దున 5 గంటలకు విజయవాడ రైల్వేస్టేషన్ బయట ఒక ముసలాయన గోనెసంచి కప్పుకుని ముడుచుకుని పడుకున్నాడు. ఇంట్లో ఉన్న మనకు 17 డిగ్రీలు వేరు, ఆయనకు వేరు. కెమెరా ఆయన దగ్గరికి వెళ్లాలి. దుప్పటి, రాత్రి తలదాచుకునే చోటు ఎక్కడ దొరుకుతాయో చెప్పాలి. ఆ వార్త నాకు కావాలి.

పిల్లలకు స్వెట్టర్ వేసే బడికి పంపుతున్నానని మీ అమ్మగారికి ఈరోజే చెప్పండి.