మార్కులు పెరగలేదు సరే, తప్పులు మారాయా?

"మా బాబు నాలుగో తరగతి. సగం సంవత్సరం గడిచింది, మార్కులు మాత్రం మొదట్లో ఎన్ని వచ్చాయో ఇప్పుడూ అన్నే. చదువు ముందుకు సాగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?" అని అడిగారు.

మార్కులు పక్కన పెట్టండి. ఆగస్టు నాటి నోటు పుస్తకాన్నీ ఇప్పటి పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని తప్పులు చదవండి. ఒప్పులు కాదు, తప్పులు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో పదిహేనేళ్ళుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఇంతకన్నా నమ్మదగిన కొలత నాకు కనబడలేదు.

2024 ఆగస్టులో మా నాలుగో తరగతి పిల్లలకు 402లోంచి 178 తీసివేయమని ఇచ్చాను. ఒక పాప 376 అని రాసింది. ఎక్కడా అప్పు తెచ్చుకోలేదు. ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది. 8లోంచి 2, 7లోంచి 0, 4లోంచి 1. ఏ అంకె పైన ఉంది, ఏది కింద ఉంది అన్నది ఆమెకు పట్టలేదు. ఆ పరీక్షలో 20కి 7 వచ్చాయి.

తర్వాత మా వైపు పత్తి తీతలు మొదలయ్యాయి. అమ్మానాన్నలు చేనికి పోతే చంటిపిల్లవాణ్ణి చూసుకోవడానికి ఈ పాపను ఇంట్లో ఉంచారు. మూడు వారాలు బడికి రాలేదు. జ్వరం వచ్చి రాని పిల్లకూ, తమ్ముణ్ణి ఎత్తుకుని ఉండిపోయిన పిల్లకూ హాజరు పట్టీలో ఒకటే గుర్తు. ఇది నాకు ఎప్పుడూ బాధే.

అక్టోబరులో అదే లెక్క మళ్ళీ ఇచ్చాను. ఈసారి 274 అని రాసింది. మళ్ళీ తప్పే. మొత్తం మార్కులూ మళ్ళీ 7.

ఎర్ర కలంతో కొట్టివేయబోయి ఆగాను. పిలిచి, "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను.

"రెండులోంచి ఎనిమిది పోదు కదా టీచర్. పక్కన అడుగుదామంటే సున్నా దగ్గర ఏమీ లేదు. అందుకని నాలుగు దగ్గర తెచ్చాను" అంది.

పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు. అప్పిచ్చిన నాలుగు మూడైంది, అందులోంచి ఒకటి పోతే రెండు. మధ్యలో మాత్రం పాత అలవాటు మిగిలిపోయి 7 వేసేసింది. పక్కింట్లో లేకపోతే ఆ పైయింటికి వెళ్ళి చేబదులు అడగడం చూస్తూ పెరిగిన పిల్ల వేసిన లెక్క అది. 376 రాసిన పాపకు అప్పు అంటేనే తెలియదు. 274 రాసిన పాపకు సున్నాను దాటడం ఒక్కటే తెలియదు. మధ్యలో ఎంత దూరం నడిచింది! మార్కుల పట్టికలో ఆ రెండు జవాబులకూ సున్నానే.

నా కోపం అంతా ఇక్కడే. మార్కులు ఫోనులో ఎక్కించడానికి గడువు ఉంటుంది, ఎక్కకపోతే సంజాయిషీ ఉంటుంది. ఆ పాపను పిలిచి అడిగిన ఐదు నిమిషాలకు ఏ గడీ లేదు. ఆ డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మా బడికి వచ్చిన తల్లులందరూ నన్ను అడిగింది "ఎన్ని వచ్చాయి?" అనే. ఒక్కరైనా నోటు పుస్తకం తెరిచి "ఈ తప్పు ఎందుకు చేసింది?" అంటారని సాయంత్రం దాకా చూశాను. చదువుకోని తల్లులను అనడం లేదు. పట్నంలో చదువుకున్న మా బంధువులు కూడా ర్యాంకు తగ్గిందని ఐదో తరగతి పిల్లవాణ్ణి రెండు ట్యూషన్లకు పంపుతున్నారు. వాడికి ఏది రాదో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

మీరు మాస్టారి దగ్గరికి వెళ్ళినప్పుడు మార్కులు అడగకండి. "జూన్‌లో చేసిన ఏ తప్పు ఇప్పుడు చేయడం లేదు?" అని అడగండి. జవాబు చెప్పగలిగితే మీ బాబు మంచి చేతుల్లో ఉన్నాడు.

ఆ పాపకు చీపురు పుల్లలు పదేసి కట్టి, ఆ పది కట్టలనూ కలిపి వందల కట్ట చేసి ఇచ్చాను. "పెద్ద కట్ట విప్పవచ్చా టీచర్?" అని అడిగింది. విప్పకూడదేమోనని అన్నాళ్ళూ అనుకుందట. పెద్ద కట్ట విప్పి, అందులో ఒక చిన్న కట్ట విప్పి, మిగిలిన తొమ్మిదింటినీ సున్నా ఉన్న చోట పేర్చింది. పేర్చి వాటివైపే చాలాసేపు చూసింది.

జనవరిలో ఆ కుటుంబం మిర్చి కోతలకు గుంటూరు వైపు వలస వెళ్ళింది. వెళ్ళే ముందు నోటు పుస్తకం చివరి పేజీల్లో ఇరవై లెక్కలు రాసి ఇచ్చాను. ఏప్రిల్‌లో తిరిగి వచ్చింది. పదకొండు లెక్కలు చేసి ఉన్నాయి. వాటిలో మధ్యన సున్నా ఉన్నవి మూడు. రెండు ఒప్పు. మూడోదాంట్లో పైన ఉన్న 5ను 6గా దించుకుంది, తీసివేత మాత్రం సరిగ్గానే చేసింది.