ముసలి పిల్లి స్కాన్ రిపోర్టు చూసి బెంబేలెత్తకమ్మా

అమ్మడూ,

నువ్వు పంపిన రిపోర్టు రెండుసార్లు చదివాను. పన్ను తీయించే ముందు జాగ్రత్తకని పొట్ట స్కాన్ చేయిస్తే ఇన్ని పేర్లు బయటపడ్డాయని, రాత్రంతా నిద్ర పట్టలేదని రాశావు. పద్నాలుగేళ్ల పిల్లి కడుపులో ఏ తేడా కనిపించకపోతేనే నేను ఆశ్చర్యపోతాను.

ఎడమ కిడ్నీలో ఉన్న ఆ ఒక్క చిన్న నీటితిత్తి గురించి దిగులు వద్దు. రెండు కిడ్నీల నిండా ఉంటే వేరే సంగతి, పర్షియన్ పిల్లుల్లో అది వంశపారంపర్యంగా వస్తుంది. క్లోమనాళం వెడల్పుగా ఉందన్నారు. వయసుతో పాటు అదీ వెడల్పవుతుంది. మూత్రాశయంలో తేలుతున్న చుక్కలు చాలాసార్లు కొవ్వు బిందువులే.

నాకు పట్టింపుగా ఉన్నది పేగు మాట. చిన్నపేగు గోడలో కండర పొర మందంగా ఉందని రాశారు. ఇది దీర్ఘకాలపు వాపు కావచ్చు, నెమ్మదిగా పెరిగే లింఫోమా అనే కేన్సర్ కావచ్చు. పైపెచ్చు ఏ బాధా లేని ముసలి పిల్లుల్లోనూ కొన్నిసార్లు కనిపిస్తుంది. ఈ మూడింట్లో ఏదన్నది స్కాన్ చెప్పలేదు. ముందు ఏం చేయాలో చెప్పేది పిల్లే.

అందుకని దాని వెన్ను మీద అరచెయ్యి పెట్టి తోక దాకా నిమిరి చూడు. ఎముకలు వేళ్లకి గుచ్చుకుంటున్నాయా? హార్బర్ నుంచి తెచ్చిన కవళ్ల చేపలు లొట్టలేసుకుంటూ తింటున్నా చిక్కిపోతోందా? అయితే ముందు రక్తంలో థైరాయిడ్ హార్మోన్ టీ4, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, విటమిన్ బి12 చూపించు. మూత్రం చిక్కదనం, బీపీ కూడా. బి12 తగ్గిందంటే పేగు మీద అనుమానం బలపడుతుంది. బరువు నిలకడగా ఉండి, వాంతులు లేకుండా, రక్తమూ బాగుంటే, కొన్ని వారాలాగి అదే డాక్టరు దగ్గర మళ్లీ స్కాన్ చేయించడం నాకు సబబుగా తోస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పేగు ముక్క పరీక్షకి వెళ్లాలో వద్దో తేలకముందే స్టెరాయిడ్ ఇవ్వనివ్వకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కంచరపాలెంలో ఒక పిల్లికి నేనే ఇచ్చాను. వారంలో లేచి తిరిగింది, ఇంటివాళ్లు నాకు దండం పెట్టారు. మళ్లీ పడిపోయాక ముక్క తీసి పంపితే, మందు జబ్బుని కప్పేసిందేమో, ఏదీ తేలలేదు. ఆ ఇంటావిడ ‘‘ముందే తీయాల్సిందా డాక్టరుగారూ’’ అని అడిగింది. అవునన్నాను.

ఒక పూట తక్కువ తిన్నా ఫర్వాలేదు. కానీ రోజంతా ఏమీ ముట్టకపోతే ఆగకు, సీతమ్మధార డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లు. తిండి మానిన పిల్లికి కాలేయంలో కొవ్వు చేరుతుంది, రెండు మూడు రోజులే చాలు. మనుషుల పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా వెయ్యకు, ప్రాణం పోతుంది.

పసిపిల్లల్ని తూచే కాటా పక్కింటివాళ్ల దగ్గర ఉందన్నావుగా. వారానికోసారి, పొద్దున్నే తిండి పెట్టకముందు తూచి తారీఖుతో సహా రాసిపెట్టు. నెల తిరిగాక ఆ కాగితం పట్టుకుని ఎంవీపీ కాలనీకి రా, కలిసి చూద్దాం.

మీ పెదనాన్న